దుమ్మేలే అన్నాను ఆ రోజు

మా అమ్మ నా చిన్నప్పటినుంచీ ఒక మాట చెప్పేది. "మనం ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదమ్మా, మన నడక చూసి వాళ్ళే తెలుసుకుంటారు" అని. ఫిరంగిపురంలో ఆ మాట సరిపోయింది. అక్కడ మేం కతోలికులమని చెప్పకుండానే అందరికీ తెలుసు. పొద్దున గుడి గంట వినపడితే పక్కింటి హిందువులు కూడా పిల్లల్ని బడికి లేపేవాళ్ళు, జూలైలో కార్మెల్ మాత పండుగకి కొండెక్కేవాళ్ళలో ఎవరిది ఏ మతమని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పెళ్ళయి చెన్నై వచ్చి పదమూడేళ్ళయింది. ఇక్కడ నేనెవరో నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. అలాంటి ఊళ్ళో అమ్మ మాటని నేను చాలా ఏళ్ళపాటు దాక్కోవడానికి వాడుకున్నాను. ఇవాళ దాని గురించే రాద్దామని కూర్చున్నాను.

నాలుగేళ్ళ కిందటి విభూది బుధవారం. పొద్దున ఆరింటి పూజకి వెళ్ళి, నుదుటిమీద బూడిదతో సిలువ గుర్తు వేయించుకుని, ఇంటికొచ్చి పిల్లలకి టిఫిన్ డబ్బాలు కట్టి, పరంగిమలై స్టేషన్లో లోకల్ ఎక్కాను. తర్వాతి స్టేషనే గిండీ, మా ఆఫీసు అక్కడే. నాలుగైదు నిమిషాల ప్రయాణం, అంతే. ఆ కాసేపట్లోనే చేతిరుమాలు తీసి, సీసాలో నీళ్ళతో ఒక కొస తడిపి, నుదురు తుడిచేసుకున్నాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎవరూ నావైపు చూడను కూడా లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, తపస్సుకాలం, అంటే ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసకాలం, మొదలయ్యే రోజు అది. ముందు ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (పామ్ సండే) నాడు ఆశీర్వదించి ఇచ్చిన మట్టల్ని మేం ఇంట్లో పటం వెనక గుచ్చి ఉంచుకుంటాం. తపస్సుకాలం దగ్గరపడగానే వాటిని గుడికి తిరిగి ఇస్తే కాల్చి బూడిద చేస్తారు. ఆ బూడిద నుదుట రాస్తూ ఫాదర్ గారు, నువ్వు ధూళివని గుర్తుంచుకో, తిరిగి ధూళిలోనే కలుస్తావు అని చెప్తారు, లేదా మనసు మార్చుకుని సువార్తను నమ్ము అంటారు. తమిళులు ఆ రోజుని తిరునీట్రు బుధన్ అంటారు, మనం విభూది బుధవారం అంటాం. రెండు భాషల్లోనూ మన పెద్దవాళ్ళు కొత్త మాట కోసం వెతుక్కోలేదు, చుట్టుపక్కల అందరి నుదుటిమీదా ఉన్న మాటనే తీసుకున్నారు. ఆ సంగతి నాకు చాలా ఇష్టం. అంత దగ్గరి మాట ఉండి కూడా నేను నోరు తెరవలేకపోయాను.

మా సెక్షన్లో నెల్లూరు అమ్మాయి ఒకామె ఉంది, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, అక్కా అని పిలుస్తుంది. హాస్టల్ పక్కనున్న పిళ్ళైయార్ గుడిలో దణ్ణం పెట్టుకుని, విభూతి, కుంకుమ పెట్టుకుని వస్తుంది రోజూ. ఆ రోజు నేను కూర్చోగానే నావైపు చూసి, "అక్కా, నుదుటిమీద ఏదో ఉంది" అంది. సరిగ్గా తుడుచుకోలేదన్నమాట. "దుమ్మేలే, ట్రైన్లో అంటుకుని ఉంటుంది" అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా తన టిష్యూ పేపరు ఇచ్చింది. మిగిలింది కూడా తుడిచేసుకున్నాను. ఆమె రోజూ తన దేవుణ్ణి నుదుటిమీద పెట్టుకుని ఆఫీసుకొస్తుంది. ఏడాదికి ఒక్కరోజు పెట్టుకున్నదాన్ని నేను గిండీ దాకా కూడా ఉంచుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

భయం ఎందుకో నాకు తెలుసు. క్రైస్తవులు అనగానే "మతం మార్చడానికి వస్తారు" అనే మాట ఒకటి గాలిలో ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది, ఒకసారి క్యాంటీన్లో మా టేబుల్ దగ్గరే ఎవరో ఆ మాట అంటుంటే నేను తల వంచుకుని సాంబారు కలుపుకున్నాను. నచ్చిన మతాన్ని పాటించడానికీ, దాని గురించి నలుగురికీ చెప్పుకోవడానికీ రాజ్యాంగం 25వ అధికరణం హక్కు ఇచ్చిందని తెలుసు, కానీ పక్క టేబుల్ వాళ్ళు రేపట్నుంచి నాతో మామూలుగా ఉంటారా లేదా అన్న టెన్షన్ ముందు అధికరణాలు గుర్తుకి రావు. దానికి తోడు మన కతోలికుల్లో ఒక అలవాటు ఉంది. వీధిలో మైకు పెట్టి చెప్పడం మన పద్ధతి కాదు, మనది బడులు, ఆసుపత్రులు, సేవ అనుకుంటాం. ఆ సేవ నిజమే, దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ బడి నడిపేది సిస్టర్లు, ఆసుపత్రిలో రోగుల్ని చూసేది సిస్టర్లు. గిండీలో ఓచర్లు రాసుకునే నేను ఏం చేస్తున్నట్టు?

ఇటలీ పునీతుడు, అంటే సెయింట్, అస్సీసీ ఫ్రాన్సిస్ గారి పేరుతో ఒక మాట బాగా తిరుగుతుంది, ఎప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతే మాటలు వాడండి అని. మా ఇంట్లో ఆ మాట ఉన్న కార్డు కూడా ఉండేది. తీరా చదివితే ఆయన రాసినవాటిలో ఎక్కడా ఆ మాట లేదట. పైగా ఆయన ఊరూరా తిరిగి మాట్లాడిన మనిషి, 1219లో యుద్ధం జరుగుతుండగా ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ దగ్గరికి వెళ్ళి మరీ తన విశ్వాసం గురించి చెప్పాడు. ఆరవ పౌలు పోపుగారు 1975 డిసెంబరు 8న ఇచ్చిన ఎవాంజెలీ నున్సియాందీ అనే లేఖలో ఈ సంగతి ఇంకా సూటిగా ఉంది. ఈ కాలం మనిషి బోధించేవాళ్ళకంటే సాక్ష్యమిచ్చేవాళ్ళ మాటే ఎక్కువగా వింటాడని ఆయన రాసింది మనందరం ఎత్తి చెప్తాం. అదే లేఖలో అంతకంటే ముందు 22వ పేరాలో, ఎంత మంచి బతుకైనా ఎందుకలా బతుకుతున్నామో విప్పి చెప్పకపోతే చివరికి ఫలించదనీ, యేసు పేరు ఎత్తకుండా సువార్త ప్రకటన లేదనీ రాశారు. ఆ పేరా గురించి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

నా ఉద్యోగంలోంచే ఒకటి చెప్తాను, అర్థమవుతుంది. ఒకసారి బిల్లు లేని ఖర్చుకి ఓచరు పెట్టమని అడిగితే పెట్టనన్నాను. ఎందుకని అడిగితే "ఆడిట్లో దొరికిపోతాం సార్" అని చెప్పాను. పెట్టకపోవడానికి అసలు కారణం అది కాదు. నాకు తెలిసి అబద్ధం రాయలేను, ఆదివారం పూజలో దివ్యసత్ప్రసాదం, అంటే యేసు శరీరంగా మేం నమ్మే అప్పం, తీసుకునే చేతులతో రాయలేను. అది చెప్పడానికి సిగ్గుపడి ఆడిట్ పేరు చెప్పాను. విన్నవాళ్ళకి నేను జాగ్రత్త గల అకౌంటెంటులా కనపడ్డాను, అంతే. నా నడక చూసి వాళ్ళేం తెలుసుకున్నారు? యేసు గురించి ఏమీ తెలుసుకోలేదు. అమ్మ మాటకి రెండో సగం ఒకటి ఉండాలని నాకు అప్పుడే అర్థమైంది. బైబిల్లో పేతురుగారి మొదటి లేఖ మూడో అధ్యాయం 15వ వచనంలో ఉన్నది అదే. మీలో ఉన్న ఆశకి కారణం అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, కానీ మృదువుగా, గౌరవంగా చెప్పండి అంటాడు ఆయన.

మా తాత ఉపదేశి. సైకిలు మీద పల్లెలు తిరిగి పిల్లలకి జపాలు నేర్పేవాడు, ఫాదర్ గారు రాలేని ఆదివారాలు తనే ప్రార్థన నడిపించేవాడు. మా ఇంటికి విశ్వాసం వచ్చింది అలాంటి ఎవరో ఒకరు ఎండలో నడిచొచ్చి, నోరు విప్పి చెప్పబట్టే. ఆయన మనవరాలిని నేను. ఆయన కూడా మన నడక చూసి తెలుసుకుంటార్లే అని ఇంట్లో కూర్చుని ఉంటే?

అలా అనుకున్నాక నేను ముందు చేసింది ఇంకో తప్పు. మర్నాటి నుంచి ఆఫీసు గ్రూపులో రోజూ పొద్దున్నే ఒక వాక్యం పెట్టడం మొదలుపెట్టాను, పువ్వుల బొమ్మతో. రెండు వారాలయ్యాక ఒక పెద్దాయన పక్కకి పిలిచి, "అమ్మా, నీ భక్తి నాకు తెలుసు, కానీ అది లెక్కల గ్రూపు కదా" అన్నారు, చాలా మర్యాదగా. ఆయన చెప్పింది న్యాయం. ఎవరూ అడగలేదు, ఎవరి మొహమూ చూడలేదు, ఒక బటన్ నొక్కి చెప్పేశాననుకున్నాను. పోపు ఫ్రాన్సిస్ గారు 2013లో రాసిన ఎవాంజెలీ గౌదియుం లేఖలో, ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు ముందు వాళ్ళు తమ సంతోషాలు, ఆశలు, దిగుళ్ళు చెప్పుకోవాలి, దేవుని మాట ఆ తర్వాతే అని ఉంది. నేను ఆ మొదటిది వదిలేసి రెండోదానితో మొదలుపెట్టాను.

ఆ మొదటిది ఏంటో నేర్పింది ఆ నెల్లూరు అమ్మాయే. తర్వాతి ఏడాది వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వస్తే చెన్నైలో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చారు. అమ్మ, ఈ అమ్మాయి, ఇద్దరే. ఆఫీసు అవగానే నేను పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ డబ్బాలో పెట్టుకుని వెళ్ళేదాన్ని, ఐసీయూ బయట కుర్చీల్లో వాళ్ళతో కూర్చునేదాన్ని. మాట్లాడేదేమీ ఉండేది కాదు. హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి జపమాల తిప్పుకునేదాన్ని, పైకి కనపడకుండా. నాలుగో రోజో ఐదో రోజో ఆ అమ్మాయి, "అక్కా, మీరు బ్యాగులో చెయ్యి పెట్టి ఏదో చదువుకుంటున్నారు కదా, మా నాన్నక్కూడా చదవండి" అంది. అప్పుడు బయటికి తీశాను. వాళ్ళ అమ్మ పూసల్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. మరియమాతకి చెప్పుకునే మంగళవార్త జపం తెలుగులో పైకే చెప్పాను, మెల్లగా. పదకొండో రోజు ఆయన పోయారు.

కర్మలన్నీ అయ్యి తిరిగొచ్చిన నెలకి, మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. "అక్కా, అన్ని దేవుళ్ళకి మొక్కాం, తిరుమలకి ముడుపు కట్టాం, మీరూ చేశారు. ఎవరూ వినలేదేంటి?" ఇలాంటి ప్రశ్నకి జవాబు ఉందని చెప్పేవాళ్ళని నేను నమ్మను. నా దగ్గరున్నది చెప్పాను. ఆరో నెలలో నా బిడ్డ పోయిన సంగతి చెప్పాను, ఆఫీసులో అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో నేను చదవగలిగింది యోహాను సువార్తలో లాజరు కథ ఒక్కటే. స్నేహితుడికి జబ్బుగా ఉందని కబురు పెట్టినా యేసు ఆలస్యంగా వస్తాడు, అప్పటికి సమాధిలో పెట్టి నాలుగు రోజులు. మార్త ఎదురెళ్ళి, నువ్విక్కడ ఉండుంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు అని నిలదీస్తుంది. ఆ తర్వాత ఆయన ఏడ్చాడు. కాసేపట్లో లాజరుని లేపబోతున్నాడని తనకి తెలిసి కూడా ఏడ్చాడు. నన్ను ఆ రోజుల్లో పట్టుకున్నది ఆ ఏడుపే, ఈ రోజుకీ అదే. ఆ అమ్మాయి చాలాసేపు ఊరుకుని, "మీ దేవుడు ఏడుస్తాడా అక్కా?" అంది. ఏడ్చాడు అన్నాను. లంచ్ టైం అయిపోయింది, లేచి వెళ్ళిపోయాం.

ఆ సాయంత్రం నాకు భయం వేసింది. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర నా మతం మాట్లాడానా, ఆ అమ్మాయి బలహీనంగా ఉన్నప్పుడు చూసి చెప్పానా అని. ఇది చిన్న ప్రశ్న కాదు, మనవాళ్ళు చాలామంది దీన్ని తేలిగ్గా దాటేస్తారు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, మా దేవుణ్ణి నమ్మితే తగ్గిపోతుందని చెప్పడం ఆ రోగికి అన్యాయం, యేసుకీ అన్యాయం అని నా నమ్మకం. రెండో జాన్ పాల్ పోపుగారు 1990లో రాసిన రెదెంప్తోరిస్ మిస్సియో లేఖలో, శ్రీసభ (కతోలిక చర్చి) తన మాట ముందు పెడుతుంది, ఎవరిమీదా రుద్దదు అని ఉంది. నేను అడక్కుండా చెప్పలేదు, ఏదీ ఆశించి చెప్పలేదు అని నాకు నేను పదిసార్లు చెప్పుకున్నాను. తర్వాత దేవసహాయం పిళ్ళై గారు గుర్తొచ్చారు.

మన దేశంలో గృహస్థుల్లోంచి మొదటి పునీతుడు ఆయన, 2022 మే 15న రోములో ప్రకటించారు. అసలు పేరు నీలకంఠ పిళ్ళై, తిరువాంకూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. 1741లో కొలచెల్ యుద్ధంలో ఓడి పట్టుబడి, తర్వాత అదే రాజు సైన్యానికి పెద్దయిన డచ్చి అధికారి దె లన్నోయ్ ఆయనకి స్నేహితుడు. ఇంట్లో ఒకదాని తర్వాత ఒకటి నష్టాలు వచ్చి పిళ్ళై గారు కుంగిపోయి ఉంటే, ఎందుకలా ఉన్నావని ఆయన అడిగి, యోబు కథ చెప్పాడట. అన్నీ పోగొట్టుకుని దేవుణ్ణే నిలదీసిన యోబు. అంత పెద్ద పునీతుడి కథ కొలువులో ఇద్దరు తోటి ఉద్యోగుల మాటలతో మొదలైంది. 1745లో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పుచ్చుకున్నారు, 1752 జనవరి 14న తుపాకులతో కాల్చి చంపారు. దేవసహాయం అంటే లాజరు అన్న పేరుకి అర్థమేనట, అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. స్నేహితుడి దుఃఖం చూసి నోరు మూసుకోవడం మర్యాద అని దె లన్నోయ్ అనుకోలేదు. ముందు ఎందుకని అడిగాడు, అది నాకు ముఖ్యం.

ఇంటి సంగతి కూడా చెప్పాలి, అసలు ఎక్కువ కష్టం అక్కడే. నా పిల్లలు ఇంగ్లీషు పూజకి వెళ్తారు, జపాలు ఇంగ్లీషులోనే వచ్చు. ఊరెళ్తే వాళ్ళ జేజమ్మ తెలుగులో జపమాల మొదలుపెడితే పక్కన బొమ్మల్లా కూర్చునేవాళ్ళు. ఇప్పుడు రోజూ రాత్రి కనీసం పది పూసలైనా తెలుగులో చెప్పిస్తున్నాను, సగం రోజులు నిద్రతో తూలుతూనే. చిన్నవాడు ఒకసారి హోటల్లో దోసె వచ్చాక అడిగాడు, "అమ్మా, ఇంట్లో సిలువ గుర్తు పెద్దగా వేస్తావు, ఇక్కడెందుకు చిన్నగా వేస్తావు?" వాడికి ఆరేళ్ళు. సువార్త నేను ఎవరికైనా చెప్తున్నానో లేదో గానీ, దాన్ని ఎలా దాచాలో మాత్రం వాడికి నేర్పుతున్నాను అనిపించింది. ఆ రోజు దోసె ముందు నలుగురం నుదుటినుంచి భుజాలదాకా నిండుగా వేసుకున్నాం.

కిందటి తపస్సుకాలంలో ఒక ఆదివారం సాయంత్రం ఆ నెల్లూరు అమ్మాయి తనే అడిగింది, మీ కొండ చూపించండక్కా అని. ఆ కొండే పరంగిమలై, మా ఇంటికి నడిచే దూరం. పైకెళ్ళే మెట్లు 18వ శతాబ్దంలో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు కట్టించాడు, సైదాపేట దగ్గర అడయారు మీద ఒకప్పుడు ఉన్న పాత వంతెన కూడా ఆయన కట్టించిందే. వంతెన మీద ఏ మతం వాళ్ళు నడుస్తారని ఆయన లెక్క వేసుకుని ఉండడు. ఆ మెట్లు కూడా అంతే, సాయంత్రమైతే సగంమంది మీనంబాక్కంలో విమానాలు దిగడం పిల్లలకి చూపించడానికి ఎక్కేవాళ్ళే. పైన 1523లో పోర్చుగీసువాళ్ళు కట్టిన గుడి ఉంది, యేసు శిష్యుడు తోమాసుగారు ఈ కొండమీదే ప్రాణం విడిచారని మా నమ్మకం. లోపల రాతి సిలువ దగ్గర కాసేపు కూర్చున్నాం. బయటికొచ్చి పిట్టగోడ దగ్గర నిలబడ్డాక, ఏళ్ళ తరబడి మోస్తున్నది చెప్పేశాను. "ఆ రోజు నా నుదుటిమీద ఉన్నది దుమ్ము కాదమ్మా. నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసక్కా" అంది. "నేను చదివింది కాన్వెంటులోనే కదా, మా సిస్టర్లు ఏటా పెట్టుకునేవాళ్ళు. చూడగానే తెలిసింది. మీరు దుమ్మన్నారు కాబట్టి ఊరుకున్నా."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. విమానం ఒకటి దిగింది, పక్కన పిల్లలు కేకలు పెట్టారు. నా అబద్ధం తెలిసి కూడా నన్ను ఇబ్బంది పెట్టకుండా టిష్యూ ఇచ్చిన పిల్ల ఆమె. క్షమించు అన్నాను. "ఎందుకలా అన్నారో అడగాలని మాత్రం చాలాసార్లు అనుకున్నా" అంది. అప్పుడు మెట్ల మీద కూర్చుని అంతా చెప్పాను, క్యాంటీన్ మాటలు, భయం, అమ్మ మాట, తాత సైకిలు. బూడిద దేనితో చేస్తారో, నలభై రోజులు ఎందుకో, ఆ తర్వాత వచ్చే పాస్కా పండుగ, అంటే ఈస్టరు, ఏంటో, యేసు నాకు ఎవరో. ఆమెని చర్చికి రమ్మని అడగలేదు, ఆమె వస్తానని అనలేదు. చీకటి పడ్డాక దిగుతుంటే సగం మెట్ల దగ్గర ఆగి, "అక్కా, యేసు తిరిగి లేచాక తోమాసు ఆయన గాయంలో నిజంగా వేలు పెట్టి చూశాడా?" అంది.

పెట్టాడని సువార్తలో రాయలేదు అన్నాను. పెట్టి చూడమని యేసు చెయ్యి చాపాడని ఉంది, తోమాసు నా ప్రభూ, నా దేవా అన్నాడని ఉంది, అంతే.

"ఇంటికెళ్ళాక ఆ పేజీ చూపించండి" అంది. అమ్మ పెళ్ళిలో ఇచ్చిన పవిత్ర గ్రంథం ఉంది ఇంట్లో, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంటుంది. యోహాను ఇరవయ్యో అధ్యాయం తీసి ఆమె చేతికిచ్చి, నేను వంటింట్లోకి కాఫీ పెట్టడానికి వెళ్ళాను.